ట్రంపెట్‌పై బ్యాలడ్ పాడినట్టు వినిపించకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

జాజ్ ట్రంపెట్‌పై నెమ్మదైన బ్యాలడ్ (భావప్రధానమైన పాట) వాయించినప్పుడు స్వరాలన్నీ సరిగానే పడినా, పాట పాడినట్టు వినిపించకపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. అప్పుడు చాలామంది దృష్టి మౌత్‌పీస్ మీదికో కొత్త వాద్యం మీదికో పోతుంది గాని, లోపం ఎక్కువగా ఊపిరిని పంచుకొనే పద్ధతిలోను, స్వరాన్ని ముగించే తీరులోను ఉంటుంది. అందువల్ల ముందుగా ఆ రెండింటినీ పరీక్షించి, పరికరం సంగతి చివరకు ఉంచడం మంచిది.

సమస్య: వరస ముక్కలుగా తెగిపోతోంది.

కారణం: ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ గాలి తీసుకోవడం మొదటిది, ప్రతి స్వరాన్నీ నాలుకతో గట్టిగా కొట్టి మొదలుపెట్టడం రెండవది.

పరిష్కారం: వాద్యాన్ని పక్కన పెట్టి, పాటను మాటలతో సహా నేర్చుకొని గొంతెత్తి పాడాలి. గొంతు బాగుండనక్కరలేదు. పాడేటప్పుడు అర్థం ఎక్కడ ఆగుతుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకొని, ట్రంపెట్‌పై ఆ గుర్తుల దగ్గర మాత్రమే గాలి తీసుకోవాలి. కర్ణాటక సంగీతంలో వీణ, వయొలిన్ నేర్చుకొనేవారు కృతిని సాహిత్యంతోపాటే నేర్చుకోవడం వెనుక ఉన్న కారణం ఇక్కడా వర్తిస్తుంది. 1952లో లాస్ ఏంజిలిస్‌లో జెర్రీ మల్లిగన్ నడిపిన పియానో లేని క్వార్టెట్‌తో (నలుగురి బృందంతో) పేరు తెచ్చుకొన్న ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ గాయకుడు కూడా కావడంతో, ఆయన పాడిన చరణాన్నీ వాయించిన సోలోనూ వెంటవెంటనే వింటే ఆ రెండింటి మధ్య ఉన్న దగ్గరితనం తెలుస్తుంది. ఇక నాలుక విషయానికి వస్తే, ‘త’కు బదులు ‘ద’ పలుకుతున్నట్టు మెత్తగా తాకిస్తూ, గాలి ప్రవాహం మధ్యలో ఆగకుండా చూసుకోవాలి.

సమస్య: వరస చివరి స్వరం వాడిపోతోంది, శృతి కిందికి జారుతోంది.

కారణం: శబ్దం తగ్గించాలనుకొని గాలి వేగాన్ని కూడా తగ్గించడం. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే లోపం ఇదే, ఎందుకంటే వినేవారి మనసులో నిలిచేది వరస మొదలు కంటే ముగింపే.

పరిష్కారం: ట్యూనర్‌ను (శృతిని సూదితో చూపే పరికరం) ముందు పెట్టుకొని, ఒకే స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ సన్నబరచి, పూర్తిగా ఆగేవరకు సూది కదలకుండా సాధన చేయాలి. శబ్దం తగ్గుతున్నకొద్దీ పొట్ట కండరాల ఆసరా వదలకూడదు. ఒకవేళ శృతి జారకుండా పైకి పోతోందనుకోండి, ముఖ్యంగా స్టాఫ్ (పాశ్చాత్య స్వరలిపిలోని ఐదు గీతలు) కింద రాసే డి, సి షార్ప్ స్వరాల దగ్గర, అది వాద్యానికి సహజమైన లక్షణం. వాల్వులను (వేళ్లతో నొక్కే మీటలను) కలిపి నొక్కినప్పుడు చేరే గొట్టం కావలసిన పొడవుకు కొంచెం తక్కువ పడుతుంది కాబట్టి, మూడవ వాల్వు స్లైడును (జరిపే గొట్టాన్ని) ఉంగరపు వేలితో బయటికి జరిపి సరిచేయాలి.

సమస్య: భావం కోసం కంపనం కలిపితే పాట వణికినట్టు ఉంది.

కారణం: స్వరం పుట్టిన క్షణం నుంచే వైబ్రాటో (ఆ కంపనం) మొదలవడం.

పరిష్కారం: కొన్నాళ్లు అసలు కంపనం లేకుండా వాయించి, తరువాత పొడవైన స్వరాల చివరి భాగంలో మాత్రమే చేర్చాలి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పొడవైన స్వరాన్ని నిటారుగా పట్టి చివర కంపింపజేయడం ఇందుకు మంచి పాఠం. కుర్రవయసులో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌కు ట్రంపెట్ నేర్పిన ఎల్వుడ్ బుకానన్ వైబ్రాటోను ఒప్పుకోలేదు. ఆ నిటారు స్వరమే తరువాత డేవిస్ గుర్తుగా నిలిచింది.

సమస్య: ఖాళీ దొరికిన ప్రతిచోటా వేగపు స్వరాలు దూరుతున్నాయి.

కారణం: స్కేళ్లు (స్వరక్రమాలు), కార్డుల (కలిసి పలికే స్వరాల గుంపుల) సాధన వేళ్లకు అలవాటై, చెవి కంటే ముందే వేళ్లు కదలడం.

పరిష్కారం: మొదటి ఆవృత్తిలో అసలు వరసను మార్చకుండా, రెండవదాంట్లో ఒకటి రెండు చోట్ల మాత్రమే మార్చి వాయించాలి. మెరుపువేగంతో వాయించగల క్లిఫర్డ్ బ్రౌన్, 1955లో తీగ వాద్యాల బృందంతో చేసిన బ్యాలడ్ రికార్డింగుల్లో చాలావరకు అసలు వరసకే కట్టుబడి ఉన్నాడు.

సమస్య: మెత్తగా వాయిస్తే గాలి చప్పుడే తప్ప స్వరం పలకడం లేదు.

కారణం: పెదవులను బిగించి, మౌత్‌పీస్‌ను నోటికి అదమడం.

పరిష్కారం: మధ్యస్థాయి స్వరాలను వీలైనంత సన్నగా, పట్టు సడలించి, రోజూ కొద్దిసేపు వాయించాలి. కొందరు దీనికి విరుగుడుగా డేవిస్‌లా మధ్య గొట్టం తీసేసిన హార్మన్ మ్యూట్ (ట్రంపెట్ నోటికి బిగించి నాదాన్ని అణచే మూత) తగిలిస్తారు. దానితో శృతి పైకి పోతుంది కాబట్టి ట్యూనింగ్ స్లైడును కొంత బయటికి లాగాలి. మైకును మ్యూట్‌కు బాగా దగ్గరగా ఉంచకపోతే ఆ నాదం మూడో వరుసలో కూర్చున్న శ్రోతల దాకా కూడా చేరదు.

సమస్య: ఫ్లూగెల్‌హార్న్‌కు (ట్రంపెట్‌ను పోలిన వాద్యానికి) మారినా వాయింపులో పాట రాలేదు.

కారణం: దాని గొట్టం చాలావరకు శంకువులా క్రమంగా వెడల్పవుతుంది కనుక నాదం గుండ్రంగా, మృదువుగా ఉంటుంది, కాని వాక్య నిర్మాణాన్ని అది మార్చలేదు. 1960ల తొలినాళ్లలో ఆర్ట్ ఫార్మర్ దానివైపు మొగ్గే నాటికే ట్రంపెట్‌పై అతనికి ఆ పొందిక ఉంది. పైగా మృదుత్వం ఒక్కటే గేయగుణమని అనుకోవడం పొరపాటు: కెనడాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన కెన్నీ వీలర్ ఒక్కసారిగా పై స్వరాలకు ఎగిరి పదునుగా పలికినా, ఆ ఎగుడుదిగుడు కూడా పాటగానే వినిపిస్తుంది.

పరిష్కారం: పైన చెప్పిన శ్వాస గుర్తులతోనే అదే పాటను రెండు వాద్యాలపైనా రికార్డు చేసి పోల్చి చూడాలి. రెండింటిలోనూ వరస ఒకే చోట తెగుతుంటే, కొత్త వాద్యం కొనవలసిన పని లేదు.