వదులైన కాన్వాసును బిగించిన తీరు

సూర్యలంక తీరాన్ని ఆరడుగుల కాన్వాసు మీద అక్రిలిక్ రంగులతో వేసి విజయవాడలో ఒక గ్యాలరీకి ఇచ్చాను. ముసురుకు గుడ్డ వదులై, సరిగ్గా అల నురగ దగ్గర బొజ్జలా జారింది. బొమ్మ వెనక్కి వచ్చింది. ప్రాణం చివుక్కుమంది.

గోడ వైపు తిప్పి నిలబెట్టి, వెనుకవైపు మాత్రమే స్పాంజితో నీళ్లు పలుచగా అద్దాను (తైలవర్ణమైతే ఈ పని చేయను). ఆరేసరికి బిగిసింది. కానీ అది తాత్కాలికమే. అసలు లోపం చట్రానిది, అంత పొడవుకు నడిమి అడ్డకర్రే లేదు. వడ్రంగితో అది వేయించి, నాలుగు మూలల సందుల్లో ఏటవాలు చెక్కముక్కలను సమానంగా, కొద్దికొద్దిగా దిగగొట్టాను. ఒక్క మూలనే బాదితే చట్రం వంకర పోతుంది. ఇప్పుడు వేలితో మీటితే డప్పులా మోగుతోంది. గ్యాలరీవారు నిన్న మళ్లీ తీసుకెళ్లారు.