బిల్లు ఏ గడపలో ఉంది, ఫైలు ఎవరి బల్ల మీద ఉంది: బెంగళూరు ఎమ్మెల్యే ఆఫీసు తెలుగు జనానికి నెల లేఖ రాసే పద్ధతి

ఎమ్మెల్యే ఆఫీసు నుంచి నెలనెలా వెళ్లే లేఖను జనం తెరవకుండానే పక్కన పెడతారు. అందులో వార్త ఉండదని వాళ్లకు తెలుసు. దండలు, రిబ్బన్లు, ‘శరవేగంగా సాగుతున్న’ పనులు తప్ప ఏముంటాయి? చదివేవాళ్లకు కావలసినవి రెండే. ఫలానా బిల్లు ఇప్పుడు ఎక్కడుంది, దాంతో నాకేం మారుతుంది? మా వీధి ఫిర్యాదు ఎవరి దగ్గర ఆగింది? ఈ రెండింటికీ తేదీలతో జవాబు రాయగలిగితే లేఖ కుదిరినట్టే.

కొలత ముందే పెట్టుకోండి. ఏ4 కాగితానికి రెండు వైపులు, మొత్తం నాలుగైదు వందల మాటలు. సమావేశాలు జరిగే నెలలో రెండు బిల్లులు, మూడు స్థానిక విషయాలు. సమావేశాలు లేని నెలలో ఒక బిల్లు, నాలుగు స్థానిక విషయాలు. మొదటి వరుసలోనే ‘ఈ వివరాలు ఫలానా తేదీ సాయంత్రం వరకు’ అని వేయండి. ఆ ఒక్క వరుస లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత లేఖకు మీరు జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి.

స్థానిక విషయాలకు అంత చోటు ఎందుకంటే, బెంగళూరు కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిసిపోయాక ఏళ్లపాటు ఎన్నికలే జరగలేదు. మ్యాన్‌హోల్ మూత దగ్గర్నుంచి వీధి దీపం దాకా అంతా నగరంలోని 28 మంది ఎమ్మెల్యేల గుమ్మాలకే చేరింది. ఆ అలవాటు ఇప్పట్లో పోదు.

బిల్లు దశ రాయడం

‘పాసైంది’ అనే మాటను ఒంటరిగా వాడకండి. మంత్రివర్గంలోనా, విధానసభలోనా, పరిషత్తులోనా (మన శాసనమండలి లాంటి ఎగువ సభ), రెండు చోట్లా? ఎక్కడ పాసైందో పక్కన రాయకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

మెట్లు ఇవి: మంత్రివర్గం ఒప్పుకోవడం, సభలో ప్రవేశపెట్టడం, అవసరమైతే కమిటీకి పంపడం, రెండు సభల ఆమోదం, గవర్నర్ సంతకం, రాజపత్రంలో ప్రచురణ, అమలు తేదీ. చివరి రెండూ ఒకటే అనుకోవడం అన్నింటికంటే తరచుగా దొర్లే తప్పు. గ్రేటర్ బెంగళూరు పాలన చట్టాన్నే చూడండి. బిల్లు 2024 జూలైలో సభకు వచ్చి ఉభయసభల కమిటీకి వెళ్లింది. విధానసభ 2025 మార్చి 10న ఆమోదించింది. గవర్నర్ వివరణలు అడుగుతూ ఒకసారి తిప్పి పంపి, ఏప్రిల్‌లో సంతకం చేశారు. అమల్లోకి వచ్చింది మే 15న. పాత ఒకే కార్పొరేషన్ స్థానంలో ఐదు కార్పొరేషన్లు ఏర్పడింది సెప్టెంబరు 2న. చట్టం పేరులో మాత్రం 2024 అనే ఉంటుంది. ‘2024 చట్టం’ అని రాసి వదిలేస్తే, అప్పటినుంచే అమల్లో ఉందనుకుని జనం ఖాతా (కార్పొరేషన్‌లో ఆస్తి నమోదు) కాగితాలు పట్టుకుని పాత ఆఫీసుకో కొత్త ఆఫీసుకో తిరుగుతారు.

మంత్రివర్గం దగ్గరే ఆగిన బిల్లు ఇంకా ప్రమాదం. ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికుల కోటా బిల్లు (మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం) 2024 జూలై 15న మంత్రివర్గంలో ఆమోదం పొందింది. గొడవ రేగాక 17న పక్కన పెట్టారు. ఆ మధ్యలో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ తెలుగువాళ్లకు ‘చట్టం వచ్చేసింది’ అని పంపిన ఆఫీసు ఏదైనా ఉంటే, మూడో రోజుకే నాలుక కరుచుకోవాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇలాంటివాటికి రాయాల్సిన వాక్యం: ‘మంత్రివర్గం ఒప్పుకుంది. ఇంకా సభకు రాలేదు. మీ ఉద్యోగానికి సంబంధించి ఈ రోజు మారింది ఏమీ లేదు.’

పరిషత్తులో ఓడిపోయిన బిల్లు చచ్చిందని కూడా రాయకండి. మామూలు బిల్లును పరిషత్తు తిరస్కరించినా, మూడు నెలలు నానబెట్టినా విధానసభ మళ్లీ ఆమోదించి పంపవచ్చు. రెండోసారి పరిషత్తు చేతిలో ఉండేది ఒక నెలే. ద్రవ్య బిల్లుకైతే మొత్తం 14 రోజులే. 2024 ఫిబ్రవరిలో దేవాలయాల సవరణ బిల్లు పరిషత్తులో వీగిపోయింది, అదే నెలలో విధానసభ దాన్ని మళ్లీ ఆమోదించింది. గవర్నర్ దగ్గరున్న బిల్లుకు మాత్రం తేదీ చెప్పకండి. రాజ్యాంగం 200వ అధికరణంలో రోజుల లెక్క లేదు. ఆయన సంతకం పెట్టవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతికి నివేదించవచ్చు. ‘వచ్చే వారం సంతకం అవుతుంది’ అని పీఏ ఫోన్లో విన్న మాట లేఖలోకి ఎక్కకూడదు.

సమావేశాలు ముగిశాయని పెండింగ్ బిల్లు మురిగిపోదు. అసెంబ్లీ రద్దయితే మాత్రం, అక్కడ పెండింగ్‌లో ఉన్నవీ, అక్కడ పాసై పరిషత్తులో ఆగినవీ పోతాయి. ఎన్నికల ముందు నెలల్లో ఈ వాక్యం తప్పకుండా వేయండి.

ఒక్కో బిల్లుకు ఐదు వరుసలు చాలు: పేరు, దశ, ఆ దశకు చేరిన తేదీ, ఎవరికి ఏం మారుతుంది, తర్వాతి మెట్టు. నాలుగో వరుసకే ఎక్కువ సమయం పెట్టండి. గిగ్ కార్మికుల సంక్షేమం 2025 మేలో ఆర్డినెన్సుగా వచ్చి, ఆగస్టులో బిల్లుగా సభల ముందుకెళ్లింది. దాన్ని ‘సామాజిక భద్రతకు చారిత్రక చట్టం’ అని రాస్తే మదనపల్లె నుంచి వచ్చి బండి మీద పార్సిళ్లు తిప్పే కుర్రాడికి ఏం తెలుస్తుంది? ‘ప్రతి ఆర్డరులో నీకిచ్చే డబ్బు మీద లెక్కగట్టి 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము కంపెనీ కట్టాలి. అది నీ చేతికొచ్చేదాంట్లోంచి కోసేది కాదు’ అని రాస్తే తెలుస్తుంది.

ఎమ్మెల్యే ఎటు ఓటేశారన్న సంగతి దగ్గర ఒక చిక్కుంది. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే తేలిపోతాయి, ఎవరు ఎటు అన్న లెక్క రికార్డులో ఉండదు. కాబట్టి ‘అనుకూలంగా ఓటేశారు’ అని గొప్పలు పోకుండా, ఆయన లేచి మాట్లాడి ఉంటే ఏ తేదీన ఏ అంశం మీద మాట్లాడారో రాయండి. మాట్లాడకపోతే ఆ వరుసే తీసేయండి.

కన్నడ కాగితం, తెలుగు లేఖ

అసలు తప్పులు పుట్టేది ఇక్కడే. విధానసౌధ నుంచి వచ్చే కాగితం కన్నడలో ఉంటుంది. రెండు భాషల లిపులూ మాటలూ దగ్గర కావడంతో ఉన్నదున్నట్టు దింపేయాలనిపిస్తుంది. దింపితే అర్థం తిరగబడుతుంది.

కన్నడ ‘మసూదె’ అంటే బిల్లు. దాన్ని తెలుగులో ‘ముసాయిదా’ చేస్తే ఇంకా చిత్తుప్రతి దశలోనే ఉందని అర్థం వస్తుంది. ‘సుగ్రీవాజ్ఞె’ వాళ్లకు ఆర్డినెన్సు. మనకు సుగ్రీవాజ్ఞ అంటే తిరుగులేని హుకుం. ఆర్డినెన్సుకు తిరుగు ఉండటమే కాదు, గడువు కూడా ఉంటుంది. సభ మళ్లీ కూడిన ఆరు వారాలకు, ఈలోగా చట్టం చేయకపోతే, అది పోతుంది. ‘అంగీకార’ అంటే సభ ఆమోదం. తెలుగులో అంగీకారం అని రాస్తే ఎవరో తలూపినట్టుంటుంది. ‘మండనె’ ప్రవేశపెట్టడం, ‘తిద్దుపడి’ సవరణ, ‘కాయ్దె’ చట్టం, ‘జారి’ అమలు, ‘అధివేశన’ సమావేశాలు. ‘శాసకరు’ ఎమ్మెల్యే. తెలుగులో శాసకుడు అని రాస్తే నియంతలా వినిపిస్తుంది, ఎమ్మెల్యే గారికీ నచ్చదు.

‘రాజ్య సర్కార’ను రాష్ట్ర ప్రభుత్వం అని మార్చండి. వాళ్ల ‘రాష్ట్ర’ దేశం, మన రాష్ట్రం వాళ్ల ‘రాజ్య’. ఇంకొకటి, ‘మండలి’. తెలుగులో మండలి అనగానే శాసనమండలి గుర్తొస్తుంది. బెంగళూరులో ‘జలమండళి’ నీటి బోర్డు. ‘మండలికి పంపాం’ అని పొట్టిగా రాస్తే బిల్లు వెళ్లిందో నీళ్ల అర్జీ వెళ్లిందో ఆ దేవుడికే తెలియాలి. పేరు పూర్తిగా రాయండి.

ఖాతా, రాజకాలువె (పెద్ద వాననీటి కాలువ), యూజీడీ (మురుగు పైపులు), వాటర్‌మ్యాన్ (వీధికి నీళ్లు వదిలే మనిషి) లాంటి మాటల్ని మాత్రం ముట్టుకోకండి. ఊళ్లో అందరూ వాడేవి అవే. ‘భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థ’ అని రాస్తే యూజీడీ పొంగి ఇంట్లోకి వచ్చినవాళ్లకు ఒళ్లు మండుతుంది.

స్థానిక విషయాలు

ఒక్కో ఫిర్యాదుకు నాలుగు సంగతులు ఉండాలి: ఏ శాఖ, ఫిర్యాదు నంబరు పడిన తేదీ, ఇప్పుడు ఎవరి దగ్గర, ఆగిన కారణం. నీళ్లు, యూజీడీకి జలమండళి (1916), కరెంటుకు బెస్కాం (1912), చెత్త, రోడ్లు, వీధి దీపాలకు కార్పొరేషన్ (1533), ఎక్కడా పలకకపోతే రాష్ట్ర ప్రభుత్వ జనస్పందన (1902). ముందు అక్కడ నమోదు చేయించి నంబరు తెచ్చుకోమనండి. నంబరు లేకుండా వచ్చిన ఫిర్యాదును ఇంజినీరు ఫోన్లో ‘చూస్తాను సార్’ అంటాడు, అక్కడితో అయిపోతుంది.

ఇలా రాయకండి: ‘4వ క్రాస్ మురుగు సమస్యపై అధికారులతో మాట్లాడాం. త్వరలోనే పరిష్కారమవుతుంది.’

ఇలా రాయండి: ‘4వ క్రాస్‌లో యూజీడీ పొంగుతోందని 3న ఫిర్యాదు నమోదైంది. 9న జెట్టింగ్ బండి వచ్చి అడ్డు తీసింది. 14న మళ్లీ పొంగింది. కింద ఉన్నది 6 అంగుళాల పైపు, పై వీధిలోని రెండు అపార్ట్‌మెంట్లు దానికే కలిశాయి, చాలడం లేదు. పైపు మార్చే ఎస్టిమేట్ జలమండళి ఇంజినీరు (ఏఈఈ) దగ్గరుంది. 28లోగా కదలకపోతే అదే మాట వచ్చే లేఖలో రాస్తాం.’

రెండో దాంట్లో పని ఇంకా కాలేదన్న సంగతి దాచలేదు. అయినా జనం దాన్నే నమ్ముతారు, ఎందుకంటే 14న మళ్లీ పొంగిందని ఆ వీధిలో అందరికీ తెలుసు.

పనుల దశలకూ ఇదే లెక్క. ఎస్టిమేట్, మంజూరు, టెండరు, వర్క్ ఆర్డరు, పని మొదలు. భూమిపూజ ఫొటో ఈ ఐదింటిలో దేన్నీ రుజువు చేయదు. కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. రోజుకు 775 మిలియన్ లీటర్లు, ప్రధానంగా నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. ఆ చుట్టుపక్కల లేఅవుట్లకు రాసేటప్పుడు పైపు పడటం, కనెక్షన్‌కు అర్జీ పెట్టడం, మీటరు బిగించడం, నీళ్లు రావడం నాలుగూ వేర్వేరుగా చెప్పండి. ‘పైపు వేశారు’ అనే మాట నమ్మి ట్యాంకరు మానేసిన అసోసియేషన్ మర్నాడే మీ గుమ్మం ముందుంటుంది.

డబ్బు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఎమ్మెల్యే స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి 2 కోట్లు, విడుదల డిప్యూటీ కమిషనర్ ద్వారా. కార్పొరేషన్ డబ్బుతో వేసిన రోడ్డును ‘మా నిధులతో’ అని రాస్తే, సమాచార హక్కు అర్జీ ఒక్కటి చాలు, 30 రోజుల్లో గుట్టు బయటపడుతుంది.

పంపడం

బెంగళూరు తెలుగువాళ్లంతా తెలుగు చదువుతారనుకోవద్దు. తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరాలు కన్నడం. వాళ్లకు తెలుగు కరపత్రం బొమ్మలతో సమానం. అందుకని అచ్చు లేఖ కన్నడలో ఉండి, తెలుగు లేఖ దాని వెంట వెళ్లాలి. దానికి తోడు మూడు నిమిషాలు మించని తెలుగు వాయిస్ నోటు. వాయిస్‌లో అంకెలు నెమ్మదిగా, రెండుసార్లు చదవాలి. కోస్తా యాసా, అనంతపురం యాసా అని తలపట్టుకోకండి, వార్త స్పష్టంగా ఉంటే సరిపోతుంది.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ‘పంపాం గానీ రాలేదంటున్నారు’ అనే ఫిర్యాదుకు మూలం ఇదే. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. అయితే అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా పెట్టకపోతే మూడో రోజుకు గుడ్ మార్నింగులే మిగులుతాయి. లేఖను గోడలకు, కరెంటు స్తంభాలకు అంటించకండి. బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని నిషేధించే 1981 నాటి కర్ణాటక చట్టం ఎమ్మెల్యే ఆఫీసుకూ వర్తిస్తుంది. ఓటు ఇంకా కడపలోనో కర్నూలులోనో ఉన్నవాళ్లను జాబితాలోంచి తీసేయకండి. నీళ్ల బిల్లు కడుతున్నది ఇక్కడే. ఓటు మార్చుకోవాలనుకుంటే ఫారం 8 అని ఒక వరుస వేస్తే చాలు.

చేయి కాలే చోట్లు

కమిటీ చర్చలు నివేదిక సభ ముందుకు రాకముందే బయటపెట్టకూడదు. ఎమ్మెల్యే ఆ కమిటీ సభ్యుడైతే మరీ జాగ్రత్త, అది సభాహక్కుల ఉల్లంఘన, కన్నడలో ‘హక్కుచ్యుతి’. రికార్డుల నుంచి తొలగించిన మాటలను అచ్చు వేయడమూ అంతే. వీడియోలో వినబడింది కదా అని ఎక్కించకండి. ఎన్నికల షెడ్యూలు వచ్చిన క్షణం నుంచి లేఖ ఆగిపోవాలి. ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ కింద నేరం. ఆ వివరాలు మామూలు నెలల్లోనూ వేసే అలవాటు చేసుకుంటే ఎన్నికలప్పుడు మర్చిపోరు.

ఫిర్యాదుదారుడి పేరు, ఇంటి నంబరు, ఫోను, ఆధార్ ఫొటో ఏవీ వద్దు. వీధి పేరు చాలు. పక్కింటి అక్రమ నిర్మాణం మీద ఫిర్యాదు ఇచ్చిన మనిషి పేరు అచ్చయితే ఆ ఇంటి ముందు గొడవ మీరు పెట్టినట్టే.

తప్పు దొర్లిందని తెలిస్తే మర్నాటిలోగా సవరణ పంపండి. ఏ జాబితాకు వెళ్లిందో ఆ జాబితాకే, వాయిస్‌లో పోతే వాయిస్‌లోనే, అదే గొంతుతో. పాత మెసేజ్ తుడిచేసి ఊరుకుంటే లాభం లేదు, అప్పటికే అది సగం అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది.