ఆక్సిజన్-17 లేబులింగ్‌ను బాల్ మిల్లులో చేయడం

ప్రకృతిలో ఆక్సిజన్-17 వాటా 0.04 శాతం మాత్రమే కాబట్టి, ఘనస్థితి ఎన్ఎంఆర్‌లో (ఘన నమూనాను అయస్కాంత క్షేత్రంలో ఉంచి పరమాణు కేంద్రకాల సంకేతాలను చదివే పద్ధతి) దాని సంకేతం స్పష్టంగా కనిపించాలంటే నమూనాను ముందుగా ఆ ఐసోటోపుతో సుసంపన్నం చేయక తప్పదు. ఆక్సిజన్-17 నీరు చాలా ఖరీదైనది కనుక, దానిని ద్రావణిగా వాడే పద్ధతుల కంటే కొన్ని పదుల మైక్రోలీటర్లతో సరిపెట్టే బాల్ మిల్లింగ్‌ను (జాడీలో గట్టి బంతులతో కలిపి కుదుపుతూ నూరడం) ముందుగా ప్రయత్నించమని నా సలహా.

కార్బాక్సిలిక్ ఆమ్లమైతే, మొదట కార్బొనైల్ డైఇమిడజోల్‌తో కలిపి నూరి క్రియాశీలం చేయండి. ఈ దశలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, కాబట్టి జాడీ మూతను నెమ్మదిగా తెరవాలి. తరువాత రెండు మూడు తుల్యాంకాల (ఒక మోల్ ఆమ్లానికి రెండు మూడు మోల్‌ల) లేబుల్ నీటిని, అంటే ఆక్సిజన్-17 నీటిని, చేర్చి మళ్లీ నూరితే జలవిశ్లేషణ జరిగి, చివర ఆమ్లీకరణతో లేబుల్ పొందిన ఆమ్లం లభిస్తుంది. ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఒకటుంది: రెండు ఆక్సిజన్లలో ఒకటి మాత్రమే నీటి నుంచి వస్తుంది కనుక, ఒక విడతలో సగటు సుసంపన్నత నీటిలోని దానికి సగాన్ని మించదు.

జాడీని, బంతులను, చర్యాకారకాలను బాగా ఆరబెట్టండి. గాలి తేమ ఎంత చేరితే లేబుల్ అంత పలుచనవుతుంది. ముందుగా మామూలు నీటితో ప్రక్రియ అంతటినీ ఒకసారి నడిపి, దిగుబడి నిలకడగా వచ్చాకే లేబుల్ నీటిని తెరవడం మంచిది. సుసంపన్నతను మాస్ స్పెక్ట్రోమెట్రీతో సరిచూసుకున్న తరువాతే నమూనాను రోటరులో (ఎన్ఎంఆర్ యంత్రంలో నమూనాను వేగంగా తిప్పే చిన్న గొట్టం) నింపండి.