చిన్న అక్వేరియంలో మొక్కలు: కొత్త ఆకును చూడండి

ఇరవై లీటర్ల తొట్టికి మొక్కలు కొనేటప్పుడు ముందు ఎర్ర ఆకుల మీదికే చూపు పోతుంది. వాటిని వదిలేయండి. ఆ ఎరుపు నిలవాలంటే బలమైన లైటు కావాలి, చాలా రకాలకు కార్బన్ డయాక్సైడ్ కూడా అందించాలి. అమెజాన్ స్వోర్డ్ కూడా వద్దు, ఇప్పుడు జానెడున్నా తర్వాత అర మీటరు దాకా పెరుగుతుంది. నేనైతే అనూబియాస్ నానా, జావా ఫెర్న్, ఒక క్రిప్టోకోరైన్ (క్రిప్టో) తీసుకుని, తోడుగా హార్న్‌వర్ట్ వేయమంటాను. మొదటి మూడూ నిదానంగా పెరుగుతాయి. హార్న్‌వర్ట్‌కు వేళ్లే ఉండవు. గబగబా పెరుగుతూ, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను, నైట్రేట్‌ను పాచికి దక్కకుండా లాగేసుకుంటుంది.

కొనేముందు అనూబియాస్‌ను తిప్పి చూడండి. ఆకులూ వేళ్లూ పుట్టే అడ్డకాండం ఒకటి అల్లం కొమ్ములా ఉంటుంది. నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడి కంపు కొడుతుంటే, ఆకులెంత పచ్చగా ఉన్నా ఆ మొక్క వద్దు. ఇంటికి తెచ్చాక చిన్న కుండీలోంచి తీసి, వేళ్లకు చుట్టుకున్న రాక్‌వూల్ పీచంతా లాగేయండి. ఆకుల కింద జిగురు ముద్దల్లా కనిపించేవి నత్త గుడ్లు, వాటినీ తుడిచేయండి. తర్వాత మొక్కను నూలు దారంతో రాయికి కట్టండి. అడ్డకాండాన్ని ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. దారం చివికేలోపు వేళ్లే రాయిని పట్టుకుంటాయి. జావా ఫెర్న్‌కూ ఇదే పద్ధతి. క్రిప్టోను మాత్రం వేళ్లు మునిగేలా ఇసుకలోనే నాటాలి.

నాటిన కొద్ది రోజులకే క్రిప్టో ఆకులు కరిగిపోవచ్చు. టెన్షన్ పడి పీకేయకండి! నర్సరీల్లో చాలా మొక్కల్ని ఆకులు నీటి పైన ఉండేలా పెంచుతారు, ఆ ఆకులు నీటి అడుగున నిలవవు. కుళ్లినవి తీసేసి, వేళ్లను కదపకుండా కొన్ని వారాలు ఆగండి. మధ్యలోంచి కొత్త ఆకు లేచిందా, ఇక మొక్క బతికినట్టే.

లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు, టైమర్ పెట్టుకుంటే మంచిది. అనూబియాస్ ఆకుల మీద పాచి పడుతుంటే గంటో రెండు గంటలో తగ్గించండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి. పాత ఆకులకు చిల్లులు పడుతుంటే చాలాసార్లు అది పొటాషియం లోపం. కొత్త ఆకు పాలిపోయి ఈనెలు మాత్రమే పచ్చగా ఉంటే ఇనుము చాలడం లేదని అర్థం. ద్రవ ఎరువును సీసా మీద చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. జావా ఫెర్న్ ఆకు అడుగున వరుసగా ఉండే గోధుమరంగు చుక్కలు మాత్రం రోగం కాదు, అవి సిద్ధబీజాలు, అంటే ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి. దయచేసి ఆ ఆకును కోయకండి.

హార్న్‌వర్ట్ పైనంతా కమ్మేస్తే కింది మొక్కలకు వెలుతురు అందదు. చివరలు ఉంచి సగం కోసేయండి. కోసిన ముక్కలు పూలకుండీ మట్టిలో ఎరువుగా వేయవచ్చు, చెరువుల్లో కాలువల్లో మాత్రం ఎప్పుడూ పారేయకండి.