కరోనా మూడో వేవ్ రాకముందే: బెంగళూరులోని మనవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

2021 జూలై మొదటి వారంలో ఉన్నాం. మే 5న ఒక్కరోజే కర్ణాటకలో 50,112 కరోనా కేసులు వచ్చాయి, అందులో 23,106 బెంగళూరువే. ఇప్పుడు రాష్ట్రం మొత్తానికి రోజుకు రెండు మూడు వేలు. 5వ తేదీ నుంచి మాల్స్, గుళ్లు తెరిచారు. మెజెస్టిక్ బస్టాండులో మదనపల్లె, హిందూపురం బస్సుల దగ్గర మళ్లీ జనం కనిపిస్తున్నారు. ఊళ్లకు వెళ్లిపోయిన పీజీ హాస్టళ్ల కుర్రాళ్లు ఒక్కొక్కరే మారతహళ్లి చేరుకుంటున్నారు. మే నెలలో టీకా స్లాటు కోసం అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లే ఇప్పుడు "కేసులు తగ్గాయి కదా, చూద్దాంలే" అంటున్నారు. నన్నడిగితే టీకా వేయించుకోవాల్సింది సరిగ్గా ఇప్పుడే. మూడో వేవ్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, టీకా పనిచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పొచ్చు.

కోవిషీల్డ్ మొదటి డోసుకూ రెండో డోసుకూ మధ్య కనీసం 84 రోజులు ఉండాలి. రెండోది పడ్డాక ఒంట్లో రక్షణ పూర్తిగా తయారవడానికి ఇంకో రెండు వారాలు. అంటే జూలై 1న మొదటి సూది వేయించుకున్నవాళ్లకు రెండోది సెప్టెంబర్ 23న, అసలు ధీమా అక్టోబర్ 7కి. ఈ ఏడాది దేవీ నవరాత్రులు మొదలయ్యేది ఆ రోజే. సెప్టెంబర్ 10న వినాయక చవితికి మండపం దగ్గర గుంపులో నిలబడేసరికి వాళ్లకు పడి ఉండేది ఒక్క డోసే. డెల్టా రకం వైరస్ ముందు ఒక్క డోసు పెద్దగా నిలవదు. మే నెలలో బ్రిటన్ ప్రజారోగ్య సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం, లక్షణాలతో జబ్బు రాకుండా ఆపడంలో ఒక్క డోసు పనితనం సుమారు 33 శాతం. ఆస్ట్రాజెనెకా, అంటే మన కోవిషీల్డే, రెండు డోసులూ పడితే 60 శాతం. ఇప్పుడు వాయిదా వేసే ప్రతి వారమూ పండగల్లోంచి ఒక వారాన్ని తినేస్తుంది.

కోవాక్సిన్‌కు 28 రోజుల ఎడం చాలు. జూలై 1న మొదలుపెట్టినవాళ్లు ఆగస్టు 12కల్లా ఒడ్డున పడతారు, వరలక్ష్మీ వ్రతానికి వారం ముందే. అలాగని అదే కావాలని కూర్చుంటే, స్టాకు కోసం ఆగడంలోనే ఆ తేడా కాస్తా కరిగిపోతుంది. ఏది ముందు దొరికితే అది వేయించుకోండి.

బులెటిన్‌లో ఏం చూడాలి

రోజూ సాయంత్రం రాష్ట్ర ఆరోగ్య శాఖ బులెటిన్ వస్తుంది, బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) వార్‌రూమ్ నివేదిక విడిగా వస్తుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం అందులోంచి ఒక్క అంకే తిరుగుతుంది, కొత్త కేసులు. ఒంటరిగా చూస్తే అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది అదే.

వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున ఐదు రోజులు. మామూలు జలుబేమోలే అని ఆగేది రెండు రోజులు. శాంపిల్ ఇచ్చి ఫలితం వచ్చేసరికి ఇంకో రోజో రెండ్రోజులో. కాబట్టి ఈ సాయంత్రం చూసే అంకె వారం, పది రోజుల కిందట అంటుకున్నవాళ్ల లెక్క. అంకె పెరిగాక జాగ్రత్తపడదాం అనుకునేవాళ్లకు ఆ పది రోజులూ పోయినట్టే.

కేసుల పక్కనే ఎన్ని టెస్టులు చేశారో ఉంటుంది. దాంతో భాగించి చూడండి. నిన్న 60,000 టెస్టులకు 600 కేసులు, ఇవాళ 20,000 టెస్టులకు 500 కేసులు వచ్చాయనుకుందాం. గ్రూపులో "తగ్గాయ్" అని దండాలు, పూలు పడతాయి. నిజానికి నూటికి ఒకటి ఉన్నది రెండున్నర అయింది. ఈ పాజిటివిటీ రేటే చూడాల్సింది. ఆంక్షలు సడలించాలంటే రెండు వారాల పాటు ఇది 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోయినేడే చెప్పింది. మే మొదట్లో కర్ణాటకలో ఇది 30 దాటిపోయింది.

ఆదివారం శాంపిళ్లు తక్కువ తీస్తారు, అందుకని సోమవారం అంకె చూసి సంబరపడొద్దు. ఈ మంగళవారాన్ని పోయిన మంగళవారంతో పోల్చండి. వరసగా రెండు వారాలు పాజిటివిటీ ఎక్కుతూ ఉంటే, కేసుల అంకె ఎంత చిన్నదైనా సరే, శ్రావణమాసం పెళ్లి భోజనాలు, ఏసీ హాళ్లలో పార్టీలు మానేయడం మొదలుపెట్టండి. మరణాల అంకె కేసుల కంటే రెండు మూడు వారాలు వెనక నడుస్తుంది, ఎప్పుడో జరిగినవి ఆలస్యంగా ఎక్కించడమూ ఉంటుంది. కేసులు పెరుగుతున్నా చావులు లేవు కదా అనే ధైర్యం అందుకే పనికిరాదు.

వార్డుల పట్టికలో బెళ్లందూరు తరచూ పై వరసలో కనిపిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా అద్దెకుండే చోటు కాబట్టి అది చూసి ఇల్లు మారదామా అనుకునేవాళ్లూ ఉన్నారు. పెద్ద వార్డు, జనం ఎక్కువ, టెస్టు చేయించుకునే అలవాటూ ఎక్కువ. పక్క వార్డులో తక్కువ చూపిస్తున్నారంటే వైరస్ తక్కువని కావొచ్చు, ముక్కులో పుల్ల పెట్టించుకోనివాళ్లు ఎక్కువనీ కావొచ్చు.

ఊళ్లో అమ్మానాన్నలు టీవీ స్క్రోలింగు చూసి "మీ బెంగళూరులో అంతమందంట కదరా, వచ్చేయ్" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు రోజూ అంకె చెప్పకండి. ఆదివారానికోసారి పాజిటివిటీ ఎక్కిందో దిగిందో చెప్పండి చాలు, ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది.

స్లాటు, టోకెను, సెంటరు

జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ ప్రభుత్వ సెంటర్లలో ఉచితం. ముందు బుక్ చేసుకోకుండా నేరుగా వెళ్లినా అక్కడే రిజిస్టర్ చేసి వేయొచ్చు. ఇది రూలు. జరిగేది వేరు: స్టాకు వచ్చిన రోజు పొద్దున్నే టోకెన్లు పంచుతారు, అయిపోతే గేటుకు "లసికె ఇల్ల" (టీకా లేదు) అని అట్టముక్క వేలాడుతుంది. రేపు స్టాకు ఉందో లేదో మీ ఏరియా ఆశా కార్యకర్తను అడగండి. నా లెక్కలో టెలిగ్రామ్ అలర్టుల కంటే ఆవిడ మాట నమ్మకం. మే నెలలో కార్లేసుకుని చిక్కబళ్లాపుర, దొడ్డబళ్లాపుర దాకా వెళ్లి పల్లె జనం స్లాట్లు పట్టుకొచ్చిన పని మాత్రం మళ్లీ చేయకండి.

ఆధార్‌లో అనంతపురం అడ్రసు ఉన్నా ఇబ్బంది లేదు, ఇక్కడి అడ్రసు చూపాలన్న నియమం టీకాలు నమోదు చేసే కోవిన్ వెబ్‌సైటులో లేదు. మొదటి డోసు ఊళ్లో, రెండోది ఇక్కడ వేయించుకోవచ్చు. కానీ అదే ఫోన్ నంబరు, అదే గుర్తింపు కార్డు వాడండి. రెండో నంబరుతో కొత్తగా రిజిస్టర్ అయితే రెండూ మొదటి డోసులుగానే నమోదై, ఆఖరి సర్టిఫికెట్ రాక తిరగాల్సి వస్తుంది. ఒక నంబరు మీద నలుగురిని చేర్చవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేని వాచ్‌మన్‌కు, ఇంట్లో పనిచేసే అక్కకు, పక్క సైటులో పనిచేసే పాలమూరు కూలీలకు ఆ ఖాళీలు వాడండి.

సాయంత్రం నాలుగింటికి వరసలో ఉండగా నర్సు సీసా తెరవకుండా "హత్తు జన ఆగ్లి" (పదిమంది కానీ) అని కూర్చుంటే విసుక్కోకండి. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుంటాయి, ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. నలుగురి కోసం తెరిస్తే ఆరుగురివి పోతాయి. ఆ టైంలో పక్క ఫ్లాటువాళ్లకు ఫోన్ చేసి పిలవడం మంచి పని.

ప్రైవేటులో ధరలకు కేంద్రం గీత గీసింది: కోవిషీల్డ్ 780, కోవాక్సిన్ 1,410, స్పుత్నిక్ వి 1,145 రూపాయలు, పన్నూ 150 సర్వీసు చార్జీ కలిపే. అపార్ట్‌మెంట్‌లో క్యాంపు పెడితే మాత్రం ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్త కావాలి. మే 30న ముంబై కాందివలిలో ఒక హౌసింగ్ సొసైటీలో దాదాపు 390 మందికి నకిలీ క్యాంపులో సూదులు వేసి డబ్బు తీసుకుపోయారు. క్యాంపు పెట్టేది ఏ ఆసుపత్రో కమిటీవాళ్లు నేరుగా ఆ ఆసుపత్రికే ఫోన్ చేసి కనుక్కోవాలి. సూది పడ్డాక కోవిన్ మెసేజ్ ఆ రోజే రావాలి, సర్టిఫికెట్‌లో ఆ ఆసుపత్రి పేరే ఉండాలి. ఓటీపీ గానీ నాలుగంకెల సీక్రెట్ కోడ్ గానీ ఫోన్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, కోడ్ సెంటరులో చూపిస్తే చాలు.

సూదికి ముందూ తర్వాతా

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. బీపీ, షుగర్ మందులు మానొద్దు. రక్తం పలచబడే మందు వాడుతున్నా, దేనికైనా గట్టి అలర్జీ ఉన్నా ముందే చెప్పండి. పీజీల్లో అమ్మాయిలు అడుగుతున్న సందేహం ఒకటుంది: నెలసరికి ఐదు రోజులు ముందూ వెనకా వేయించుకోకూడదన్నది వట్టి పుకారు, ప్రభుత్వమే ఖండించింది. గర్భిణులకూ ఈ నెల 2న అనుమతి ఇచ్చారు, పాలిచ్చే తల్లులకు ముందే ఉంది. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగాలి.

వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే, పారాసిటమాల్‌తో రెండు రోజుల్లో తగ్గుతాయి. కోవిషీల్డ్ తర్వాత 20 రోజుల లోపు ఊపిరాడకపోవడం, ఛాతీనొప్పి, కాలు వాపు, ఎంతకీ తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, సూది పడిన చోటు కాకుండా వేరేచోట చర్మం మీద చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇది చాలా అరుదు, కానీ గుర్తుపెట్టుకోవాల్సిందే.

చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లేవాళ్లకు కోవిషీల్డ్ రెండో డోసు 28 రోజులకే ఇస్తున్నారు. సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే.

ఇంట్లో ఆక్సీమీటర్ ఉంచుకోండి, 94 కంటే తగ్గితే డాక్టర్‌కు చెప్పండి. ఆషాఢం వస్తోంది కాబట్టి ఒక మాట: నెయిల్ పాలిష్ గానీ ముదురుగా పండిన గోరింటాకు గానీ ఉంటే రీడింగు ఒక్కోసారి తేడాగా రావచ్చు, ఒక వేలు వదిలేసి పెట్టుకోండి. జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగడం వద్దు, షుగర్ ఉన్నవాళ్లు అసలు వద్దు. బ్లాక్ ఫంగస్ కేసుల్లో మొన్న చూసింది చాలావరకు ఈ రెండింటి కలయికే.

టెస్టు ఇచ్చినప్పుడు ఎస్ఆర్ఎఫ్ ఐడీ, అంటే శాంపిల్ నంబరు వస్తుంది, పాజిటివ్ అయితే బెంగళూరులో బీయూ నంబరు, అంటే రోగి నంబరు వస్తుంది. మే నెలలో బెడ్ కోసం 1912కి ఫోన్ చేసినవాళ్లను అడిగింది వీటినే. రోగి ఫోన్‌లోనే ఉండిపోతే అవసరానికి దొరకవు, కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. ఒంటరిగా ఉండేవాళ్లు పీజీ ఓనరుకో, ఊళ్లో తమ్ముడికో వాట్సాప్ చేసి పెట్టండి.