చెక్క చట్రం ఇంట్లో ఏ కర్ర ఏమిటో తెలియాలంటే
పాత చెక్క చట్రం ఇల్లు చూసేటప్పుడు పేర్లు గుర్తుండటం లేదని టెన్షన్ వద్దు, బరువు దిగే దారి పట్టుకోండి. కప్పు బరువు ముందు వాసాల మీద పడుతుంది. వాసాలు పైన కొప్పు దగ్గర కలుస్తాయి, కింద గోడ మీది దూలంపై కూర్చుంటాయి. అక్కడి నుంచి స్తంభాలు, చివరికి పునాది.

స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా బిగించిన పొట్టి కర్ర ఉంటుందే, దాన్ని బాగా గమనించండి. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ, గాలికి చట్రం పక్కకు ఒరగకుండా ఆపేది అదే. తలకు తగులుతోందని కోసేసేవాళ్లూ ఉన్నారు!

దూలంలో ఖాళీ బెజ్జం కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ ఇంకో కర్ర ఉండి ఉండొచ్చు. వేరే కట్టడం నుంచి తెచ్చి వాడిన కర్రకూ ఇలాంటి బెజ్జాలుంటాయి, అందుకే ఎదురు కర్రలో దానికి జోడీ ఉందేమో చూడండి.