ఇన్సూరెన్స్ కట్టే ముందు ఐడీవీ చూడండి

మొన్న విజయనగరంలో మా బావ కారు పాలసీ రెన్యువల్‌కి రెండు కొటేషన్లు తెచ్చాడు. ఒకదాంట్లో రెండు వేలు తక్కువని సంబరం. ఐడీవీ, అంటే పాలసీలో కారుకి కట్టిన విలువ, దాని దగ్గర వేలు పెట్టి చూపించాను: ఒకదాంట్లో 4,10,000, చవక దాంట్లో 3,20,000. కారు దొంగలెత్తుకెళ్లినా, నుజ్జయినా చేతికొచ్చేది ఆ లెక్కనే. ముందు అది సరిచేయించండి బాబూ.

థర్డ్ పార్టీకి, అంటే మన కారు వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి, ఇంజిన్ సీసీని బట్టి ప్రభుత్వం పెట్టిన రేటే, బేరం లేదు. బేరమంతా ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి జరిగే నష్టం, దాని దగ్గరే.

క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ అని ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు: మొదటి ఏడాదికి 20 శాతం, వరసగా ఐదేళ్లయితే 50. బంపర్ మీద గీతకి క్లెయిమ్ వేసి పోగొట్టుకోకండి. రెన్యువల్ చేయకుండా గడువు దాటి 90 రోజులైనా ఆ బోనస్ పోతుంది.

తుఫాన్లు మనకి కొత్త కాదు, నీళ్లు పోయి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్‌కి కాస్త ఎక్కువైనా కట్టండి.